తక్కెడలో లేని కొండ

కోనసీమలో నగరం అనే ఊరుంది. పేరుకే నగరం, ఊరు మాత్రం పల్లె. మామిడికుదురు మండలంలో, తాటిపాక పక్కన, కొబ్బరి తోటల మధ్య ఉంటుంది. 2014 జూన్ 27 తెల్లవారుజామున ఆ ఊరి గుండా పోతున్న గెయిల్ గ్యాస్ పైపు పగిలి మంటలు లేచాయి. చాలామంది ఇంకా నిద్రలోనే ఉన్నారు. ఇరవై మందికి పైగా చనిపోయారు. ఇళ్లు, పశువులు, కొబ్బరి చెట్లు మాడిపోయాయి. ఆ పైపులో పోతున్న గ్యాసు ఆ ఊరి పొయ్యిల కోసం కాదు. విజయవాడ దగ్గర కొండపల్లిలో కరెంటు తయారుచేసే కేంద్రం కోసం.

దానికి పంతొమ్మిదేళ్ల ముందు, 1995 జనవరిలో, దగ్గరలోని పాశర్లపూడిలో ఓఎన్‌జీసీ బావి అంటుకుంది. రెండు నెలలకు పైగా ఆరలేదు. రాత్రిళ్లు కూడా పగలులా ఉండేదని ఆ వైపు పెద్దవాళ్లు ఇప్పటికీ చెబుతారు.

ఆదివాసీ రచయితల పుస్తకంలో కోనసీమ సంగతి ఎందుకని మీరు అడగవచ్చు. రెండు కారణాలున్నాయి. ఒకటి, నేను మన్యంలో ఒక గూడెంలో పుట్టి, ఉద్యోగం వల్ల కొన్నేళ్లు కోనసీమలో బతికినవాణ్ణి. రెండోది, మన కొండకూ ఆ లంకలకూ నీళ్ల చుట్టరికం ఉంది. మాడుగుల కొండల్లో పుట్టిన మాచ్‌ఖండ్ ఏరు జోలాపుట్ దాటి, బలిమెల దాటి, సీలేరు అయి, శబరిలో కలిసి, కూనవరం దగ్గర గోదావరి అవుతుంది. పాపికొండల నడుమ నుంచి దిగి ధవళేశ్వరం చేరుతుంది. అక్కడి నుంచి కాలువలో పారి, పి.గన్నవరం దగ్గర వైనతేయ నది మీద కట్టిన అక్విడెక్టు ఎక్కి, అవతల ఉన్న నగరం దీవి పొలాల్లో దిగుతుంది. ఎండాకాలంలో గోదావరి సన్నబడినప్పుడు డెల్టా దాళ్వా పంటకు సీలేరు నుంచి వదిలే నీళ్లే ఆధారం. కొండ మీద కరెంటు పుట్టించి కిందికి దిగిన నీళ్లే అక్కడ వరిచేను తడుపుతాయి. అందుకే అక్కడ అన్నం తింటున్నప్పుడు పరాయి ఊళ్లో తింటున్నానని నాకెప్పుడూ అనిపించలేదు.

అలా ఉండగా ఒక సాయంత్రం మా పిన్ని కొడుకు ఫోన్ చేశాడు.

"అన్నా, సర్వేకి వచ్చారు. కొండ మీద ఒక చెరువు, కింద ఒక చెరువు కడతారంట. ఇది మంచి కరెంటంట, పొగ రాదంట, బొగ్గు అక్కర్లేదంట. గ్రామసభ పెడతామంటన్నారు. కుర్రోళ్లు కొందరు ఉద్యోగాలొస్తాయంటన్నారు. అయ్య మాత్రం మాటాడటం లేదు. నువ్వు చదువుకున్నోడివి. ఏం చెప్పమంటావు?"

నాకు వెంటనే నోరు పెగల్లేదు. "ఆలోచించి చెబుతాలేరా" అన్నాను. ఆ ఆలోచనే ఈ వ్యాసం.

రెండు పళ్లేల తక్కెడ

ఈ సంగతి మీద మాట్లాడేవాళ్లు సాధారణంగా ఒక తక్కెడ తెస్తారు. ఒక పళ్లెంలో పంటభూమి, రెండో పళ్లెంలో పచ్చ కరెంటు పెడతారు. రెండూ కావాలి కాబట్టి సమతూకం చూడాలంటారు. వినడానికి న్యాయంగానే ఉంటుంది. ముందు ఆ రెండు పళ్లేలలో ఏముందో చూద్దాం.

సూర్యుడి నుంచి కరెంటు తీయడానికి చోటు కావాలి. ఒక మెగావాట్ సోలార్ పలకలకు సుమారు నాలుగైదు ఎకరాలు పడుతుంది. కర్నూలు దగ్గర గని, శకునాల గ్రామాల్లో 1000 మెగావాట్ల సోలార్ పార్కు పెట్టినప్పుడు దాదాపు 6 వేల ఎకరాలు పట్టింది. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2024లో తెచ్చిన క్లీన్ ఎనర్జీ విధానం 160 గిగావాట్లకు పైగా సామర్థ్యాన్ని లక్ష్యంగా పెట్టుకుంది. ఒక గిగావాట్ అంటే వెయ్యి మెగావాట్లు. అందులో గాలి కరెంటు, నీటి కరెంటు కూడా ఉన్నాయి కాబట్టి మొత్తాన్ని ఎకరాల్లోకి మార్చడం సరికాదు. అయినా ఎంత నేల అవసరమవుతుందో ఊహకు అందుతుంది.

రెండో పళ్లెంలో అన్నం ఉంది. సాగునీరు పారే రెండు పంటల భూమి ఒకసారి పోతే మళ్లీ తయారు కాదు. డెల్టా ఒండ్రుమట్టిని గోదావరి ఎన్ని వందల ఏళ్లు మోసుకొచ్చిందో లెక్క లేదు. అందుకే 2013 భూసేకరణ చట్టం 10వ సెక్షన్‌లో, సాగునీటి సౌకర్యం ఉండి ఏడాదికి ఒకటి కంటే ఎక్కువ పంటలు పండే భూమిని తీసుకోకూడదనీ, వేరే దారే లేనప్పుడు మాత్రమే తీసుకోవాలనీ రాశారు. 2025లో నెల్లూరు జిల్లా ఉలవపాడు మండలం కరేడు రైతులు సోలార్ పరికరాల పరిశ్రమకు భూములు ఇవ్వమని రోడ్డెక్కినప్పుడు వాళ్లు అడిగిందీ ఇదే. కరెంటు ఎక్కడైనా తయారవుతుంది, ఈ నేల ఇంకెక్కడ దొరుకుతుంది?

ఇంతవరకు తక్కెడ బాగానే ఉంది. కానీ పంటభూమి వద్దన్న తర్వాత ఆ పలకలు, ఆ చెరువులు ఎక్కడికి పోతాయి? అధికారుల కాగితాల్లో దానికి ఒక మాట ఉంది. బంజరు. పంట లేని భూమి, పనికిరాని భూమి, ఎవరిదీ కాని భూమి.

ఎవరు పెట్టిన పేరు అది? మా గూడెం పైన ఉన్న కొండవాలు రికార్డులో కొండపోరంబోకు. మా అవ్వకు అది అడ్డాకుల చోటు, చీపుళ్ల చోటు, చింతపండు చోటు. ఎండాకాలంలో ఆగని ఊట ఉన్న చోటు. సోళ్లు, సామలు, కొర్రలు కలిపి చల్లే పోడు కూడా అక్కడే. ఏడాదిలో కొన్ని నెలలు మా ఇంటి పొయ్యి మీద ఉడికేది ఆ 'పనికిరాని' భూమి ఇచ్చిందే. ఆవులు మేసే బీడు కూడా కాగితంలో బంజరే. చిన్న రైతుకు ప్రభుత్వం ఇచ్చిన డి-పట్టా నేల కూడా అవసరం వచ్చినప్పుడు మళ్లీ ప్రభుత్వ భూమే అవుతుంది.

కాబట్టి పంటభూమిని కాపాడాలన్న మంచి మాట కూడా, జాగ్రత్తగా వాడకపోతే, భారాన్ని కాలువ కింద ఉన్నవాడి మీద నుంచి తీసి కాలువ లేనివాడి మీద పెడుతుంది. తక్కెడలో రెండు పళ్లేలే ఉన్నాయి. కొండ ఏ పళ్లెంలోనూ లేదు. తక్కెడ నిలబెట్టడానికి వాడుకునే నేలగా మాత్రమే ఉంది.

కొండకే ఎందుకు వస్తున్నారు

దీనికి ఒక సాంకేతిక కారణం ఉంది. మన పిల్లలకు అది అర్థమయ్యేలా చెప్పాలి. సూర్యుడు పగలు కరెంటు ఇస్తాడు. జనం ఎక్కువగా వాడేది సాయంత్రం దీపాలు పెట్టాక. మధ్యాహ్నం మిగిలిన కరెంటును దాచుకోవాలి. దాచే పద్ధతుల్లో ఒకటి పంప్డ్ స్టోరేజీ. కొండ మీద ఒక చెరువు, దిగువన ఒక చెరువు కడతారు. మధ్యాహ్నం మిగులు కరెంటుతో కింది నీళ్లను పైకి తోడతారు. సాయంత్రం ఆ నీళ్లు వదిలి టర్బైన్లు తిప్పుతారు. పైకి తోడటానికి పెట్టిన కరెంటులో సుమారు నాలుగో వంతో ఐదో వంతో పోతుంది, మిగతాది తిరిగి వస్తుంది. అంటే అది కరెంటు పుట్టించేది కాదు. కరెంటు దాచే గాదె.

ఆ గాదెకు తక్కువ దూరంలో ఎక్కువ ఎత్తు తేడా కావాలి, నీళ్లు కావాలి. ఆ రెండూ మన్యంలో ఉన్నాయి. ఎగువ సీలేరులో 1350 మెగావాట్ల పంప్డ్ స్టోరేజీ ప్రాజెక్టును జెన్‌కో తలపెట్టింది. అల్లూరి సీతారామరాజు జిల్లాలో, పార్వతీపురం మన్యంలో ప్రైవేటు కంపెనీలకు కూడా ఇలాంటి చోట్లు కేటాయించారు. దానిపై గిరిజన సంఘాలు ధర్నాలు చేశాయి. ఎండ రాయలసీమది, గాదె మన్యంలో, ఏసీ పట్నంలో.

మనకు మనమే వేసుకోవలసిన ప్రశ్న

ఇక్కడ ఆగి 'ఏ ప్రాజెక్టూ వద్దు' అని రాసేయడం సులువు. ఈ పుస్తకం చదివే చాలామంది చప్పట్లు కొడతారు కూడా. కానీ నాకు మనసొప్పదు.

నేను గుడ్డిదీపం కింద చదువుకున్నాను. పరీక్షల ముందు కిరసనాయిలు అయిపోతే పొయ్యి వెలుగులో చదివాను. మా తాత ఒక జలవిద్యుత్ ప్రాజెక్టు పనుల్లో రాళ్లు మోశాడు. ఆ కరెంటు తీగలు మా కొండ మీదుగానే పోయేవి. మా గూడేనికి స్తంభం వచ్చేనాటికి తాత లేడు. కరెంటు లేకపోవడంలో ఏ గొప్పా లేదు. ప్రసవం రాత్రి అయితే ఆశా వర్కరు సెల్‌ఫోన్ వెలుగులో బొడ్డు కోసిన గూడేలు మనకు తెలుసు.

బొగ్గు కరెంటు కూడా మనకు పరాయి సంగతి కాదు. బొగ్గు గనుల కింద పోయిన ఊళ్లలో ఆదివాసులవీ ఉన్నాయి. గాలి వేడెక్కితే మొదట దెబ్బ తినేదీ మనమే. వాన వేళ తప్పితే పోడు పోతుంది, కాఫీ పూత రాలుతుంది, ఊట ఎండుతుంది. కోనసీమలో అంతర్వేది దగ్గర సముద్రం ఒడ్డును కోస్తోంది, ఉప్పునీరు లోపలికి వస్తోంది. కాబట్టి పొగ రాని కరెంటు మనకూ కావాలి. వద్దనే హక్కు ఉంది కదా అని అవసరం లేదని చెబితే అది అబద్ధం.

అలాగైతే ప్రశ్న ఇలా మారుతుంది. ఒక మంచి పని కోసం ఒకరి చోటు అడగడం ఎప్పుడు న్యాయం, ఎప్పుడు అన్యాయం?

పదిమంది మేలు కోసం

సాధారణంగా వినిపించే జవాబు లెక్కల జవాబు. లక్షల ఇళ్లకు వెలుగు, వందల ఇళ్లకు నష్టం. పదిమంది మేలు కోసం ఒకరు సర్దుకోవాలి. పెళ్లింట్లో చుట్టాలు వచ్చినప్పుడు ఇంటివాళ్లు కింద పడుకుంటారు కదా, అలాగన్నమాట.

ఆ పోలికనే పరీక్షిద్దాం. ఈ రోజు మనింట్లో పెళ్లి, మనం కింద పడుకుంటాం. రేపు వాళ్లింట్లో పెళ్లి, వాళ్లు కింద పడుకుంటారు. అందుకే అది సర్దుబాటు. ప్రతి పెళ్లికీ ఒకే ఇంటివాళ్లు కింద పడుకుంటే దాన్ని సర్దుబాటు అనం, ఇంకో పేరుతో పిలుస్తాం.

మన చరిత్ర చూడండి. మాచ్‌ఖండ్ కేంద్రం 1955లో మొదలైంది, 120 మెగావాట్లు. జోలాపుట్ నీటికింద పోయినవి ఆదివాసీ ఊళ్లు. బలిమెల జలాశయం ఆంధ్రా, ఒడిశా రాష్ట్రాలు కలిసి కట్టుకున్నవి. ఆ నీళ్ల వల్ల చిత్రకొండ వైపు నూట యాభై ఊళ్లు చుట్టూ నీళ్లతో తెగిపోయాయి. వాటికి 'కటాఫ్ ఏరియా' అని పేరే పడింది. అక్కడికి గురుప్రియ వంతెన వచ్చింది 2018 జులైలో. అంతవరకు దశాబ్దాల పాటు లాంచీలే దిక్కు. పోలవరంలో 960 మెగావాట్ల కేంద్రం, డెల్టాకు నీళ్లు, ఇంకా ఎన్నో మేళ్లు ఉన్నాయి. ముంపు లక్షకు పైచిలుకు కుటుంబాలకు, వాళ్లలో పెద్ద వాటా కొండరెడ్లది, కోయలది.

ఒక్కొక్క ప్రాజెక్టును విడిగా చూస్తే లెక్క సరిపోయినట్టే ఉంటుంది. మూడు తరాలు వరసగా పెట్టి చూస్తే తీసివేత ప్రతిసారీ ఒకే గడిలో జరిగింది. అందువల్ల లెక్కల జవాబు తప్పని నేననను, అది సగం జవాబు. ఎంత మేలు, ఎంత నష్టం అన్నది సగం ప్రశ్న. నష్టం ఎవరి వంతు, వాళ్ల వంతు ఇప్పటికి ఎన్నోసారి అన్నది మిగతా సగం.

నగరం నేర్పిన సంగతి

ఇంతవరకు చదివి 'కొండవాళ్లు మోస్తున్నారు, మైదానంవాళ్లు తింటున్నారు' అని మాత్రం అనుకోకండి. అలా అనుకోకుండా నన్ను ఆపింది నగరం.

పైపులైన్ల కోసం 1962లో ఒక చట్టం వచ్చింది. దాని ప్రకారం భూమిని కొనరు, వాడుకునే హక్కు మాత్రం తీసుకుంటారు. భూమి రైతుదే. మార్కెట్ విలువలో పదోవంతు పరిహారం ఇస్తారు. పైపు పోయిన మేర రైతు ఇల్లు కట్టకూడదు, బావి తవ్వకూడదు, చెట్టు పెట్టకూడదు. కొబ్బరి తోటే బతుకైన చోట చెట్టు పెట్టకూడదంటే భూమి మిగిలినట్టా, పోయినట్టా? పైగా ప్రమాదం కూడా ఆ నేల కిందే పడుకుని ఉంటుంది. 2013 చట్టంలో పంటభూమిని కాపాడే 10వ సెక్షన్ కూడా రోడ్లు, రైలు మార్గాలు, కరెంటు లైన్ల వంటి పొడవాటి పనులకు వర్తించదు. రేపు సోలార్ పార్కు నుంచి వచ్చే పెద్ద టవర్ల లైను వరిచేల మీదుగా వెళ్లినా అంతే.

నేను అద్దెకున్న ఇంటి పక్కన ఒక కౌలు రైతు ఉండేవాడు. ఒకరోజు కాలువ గట్టు మీద ఈ మాటలే వచ్చాయి. ఆయన నవ్వి, "పొలం ఆసామిదండి మాస్టారూ. కింద పైపు కంపెనీదండి. పంట నాదండి. ఏదన్నా జరిగితే ఆసామికి పరిహారం, కంపెనీకి బీమా వస్తాయండి. నాకేం వస్తుందండీ? అప్పొస్తుందండి" అన్నాడు.

ఆ మాట నేను మరిచిపోలేదు. కోనసీమలో నాగలి పట్టేవాళ్లలో ఎక్కువమంది కౌలుదార్లే. 2011లో ఖరీఫ్ గిట్టుబాటు కాక కోనసీమ రైతులు దాదాపు లక్ష ఎకరాల్లో పంట విరామం ప్రకటించినప్పుడు దేశమంతా చెప్పుకున్నారు. ఆ ఏడాది పొలం పని లేని కూలీ గురించి తక్కువగా చెప్పుకున్నారు. రేపు ఆసామి తన పొలాన్ని పాతికేళ్లకు సోలార్ కంపెనీకి లీజుకిస్తే సంతకం ఆయనది, డబ్బు ఆయనది. దున్నేవాడి పేరు ఆ కాగితంలో ఎక్కడా ఉండదు. మన దగ్గర పట్టా లేని పోడు రైతు పరిస్థితి ఏమిటో ఆయన పరిస్థితీ అదే.

అప్పుడు నాకు గీత ఎక్కడుందో కనిపించింది. అది కొండకూ మైదానానికీ మధ్య లేదు. 'వద్దు' అంటే ఆగేవాళ్లకూ, 'వద్దు' అన్నా ఆగనివాళ్లకూ మధ్య ఉంది. నగరం పెంకుటింట్లో నిద్రపోతున్నవాణ్ణి ఈ పైపు నీ గోడ పక్కన పోవచ్చా అని నిజంగా అడిగినవాళ్లు లేరు. మా తాతనూ అడగలేదు.

అడగడమంటే ఏమిటి

చట్టం మనకు అడిగించుకునే హక్కు ఇచ్చింది. అది ఊరికే రాలేదు, పితూరీల నుంచి కోర్టుల దాకా పోరాడి తెచ్చుకున్నది. 1959 నిబంధనకు 1970లో చేసిన సవరణను మనం వన్ ఆఫ్ సెవెంటీ అంటాం. షెడ్యూల్డ్ ప్రాంతంలో భూమి గిరిజనేతరుల చేతికి పోకుండా అది అడ్డుకట్ట. 1997 జులైలో సుప్రీంకోర్టు సమత తీర్పులో ప్రైవేటు కంపెనీ కూడా గిరిజనేతరుడే అని తేల్చింది. 1996 పెసా చట్టం గ్రామసభను సంప్రదించాలంది. 2013 భూసేకరణ చట్టం 41వ సెక్షన్ ఇంకో అడుగు వేసి, షెడ్యూల్డ్ ప్రాంతంలో వీలైనంతవరకు భూమి తీసుకోవద్దనీ, తప్పనిసరైతే గ్రామసభ ముందస్తు సమ్మతి ఉండాలనీ చెప్పింది. 2013లో ఒడిశాలో నియమగిరి కొండ గురించి సుప్రీంకోర్టు గ్రామసభలనే అడగమంది. పన్నెండు గ్రామసభలు జరిగాయి. పన్నెండూ వద్దన్నాయి. బాక్సైట్ గని ఆగింది.

కానీ చట్టంలో సమ్మతి వేరు, మనసులో సమ్మతి వేరు. గ్రామసభ పేరుతో ఒక పుస్తకంలో సంతకాలు తీసుకోవడం అడగడం కాదు. అడగడం అనిపించుకోవాలంటే నా ఆలోచనకు మూడు సంగతులు ఉండాలి.

మొదటిది, అడిగే సంగతి అర్థమయ్యే భాషలో ఉండాలి. కువి మాట్లాడే ఊరికి ఇంగ్లీషు నివేదిక ఇచ్చి, అదివాసీ ఒరియా మాట్లాడే ఊరికి తెలుగు పీడీఎఫ్ ఇచ్చి అడిగామంటే కుదరదు. ఎన్ని ఎకరాలు మునుగుతాయి, ఏ ఊట పోతుంది, పేలుళ్లు ఎన్నేళ్లు జరుగుతాయి, ఉద్యోగాల్లో పని ముగిశాక మిగిలేవి ఎన్ని అన్నది చెప్పాలి. రెండోది, వద్దంటే నిజంగా ఆగాలి. వద్దన్నాక మళ్లీ మళ్లీ వచ్చి, అవునన్నాక ఇంక రాకపోతే అది అడగడం కాదు, అలిసిపోయేదాకా కాచుకోవడం. మూడోది, అడిగేలోపు పని మొదలుపెట్టకూడదు. రోడ్డు వేసి, చెట్లు కొట్టి, ఆ తర్వాత అడిగితే అది పిల్ల మెళ్లో తాళి కట్టి ఇష్టమా అని అడిగినట్టు.

వద్దని చెప్పే వీలు లేనివాడి 'సరే'కు విలువ లేదు. ఇది మన హక్కుల సంగతి మాత్రమే కాదు, అడిగేవాడికీ మంచిది. అడిగి కట్టిన దానికి ఊరు కాపలా ఉంటుంది. అడగకుండా కట్టినదానికి పోలీసు కాపలా కావాలి.

ముందు అడగవలసిన చోట్లు

'అందరూ వద్దంటే కరెంటు ఎక్కడినుంచి తేవాలి?' అని కోపంగా అడిగేవాళ్లుంటారు. న్యాయమైన ప్రశ్నే. దానికి జవాబు వరసలో ఉంది. ఎవరి బతుకూ కదల్చని చోట్ల నుంచి మొదలుపెట్టాలి.

ఇళ్ల కప్పులు, ఆఫీసుల కప్పులు, కాలేజీల కప్పులు ఉన్నాయి. కేంద్రం 2024లో పీఎం సూర్యఘర్ పథకం తెచ్చింది. కాలువలున్నాయి. గుజరాత్‌లో నర్మద కాలువ మీద 2012లోనే సోలార్ పలకలు పరిచారు. మన పశ్చిమ గోదావరిలో గొల్లవానితిప్ప దగ్గర కాలువ మీద ఒక మెగావాట్ కేంద్రం పెట్టారు. డెల్టాలో కాలువలకు కొదవేముంది? ఉన్న జలాశయాలున్నాయి. రామగుండం ఎన్టీపీసీ రిజర్వాయరులో నీళ్ల మీద తేలే 100 మెగావాట్ల సోలార్ కేంద్రం 2022లో పూర్తయింది. సింహాద్రిలో 25 మెగావాట్లు ఇలాగే ఉన్నాయి. ఆ నీళ్ల కింద ఉన్న నేల ఎప్పుడో పోయింది. ఒకసారి మునిగిన చోటును రెండోసారి వాడుకోవడం, కొత్త చోటు ముంచడం కంటే నయం. ఇవన్నీ ఖర్చు ఎక్కువంటారు. కొండవాలు చవక అనిపించడానికి కారణం దాని ఖర్చును ఇంకొకరు కడుతుండటమే.

ఆ తర్వాత పొలాల వంతు. ఇక్కడ కొండవాళ్లకూ కోనసీమవాళ్లకూ ఒకే విద్య తెలుసు. కొబ్బరి కింద కోకో, అరటి, కంద వేస్తారు వాళ్లు. సిల్వర్ ఓక్ కింద కాఫీ, ఆ చెట్టుకే మిరియాల తీగ పాకిస్తాం మనం. ఒకే నేలలో రెండు మూడు అంతస్తుల పంట. సోలార్ పలకలను ఎత్తుగా, ఎడంగా నిలబెట్టి కింద నీడ ఓర్చుకునే పంట వేసే పద్ధతి ప్రపంచంలో చాలా చోట్ల నడుస్తోంది. కరెంటు పొలంలో ఇంకో అంతస్తుగా రావచ్చు. పొలాన్ని తోసేసి రాకూడదు. అలా వచ్చినప్పుడు కౌలుదారు పేరు, కూలీ పనిదినాలు కూడా కాగితంలో ఉండాలి.

ఇవన్నీ అయ్యాక, ఇంకా అవసరం మిగిలితే, అప్పుడు కొండను అడగాలి. అడిగినప్పుడు కూడా ఒకసారి ఇచ్చే పరిహారం కాదు, ఏటా వచ్చే కరెంటులో వాటా, నీళ్ల మీద ఊరికి మొదటి హక్కు, గడువు తీరాక నేల తిరిగి ఇచ్చే ఒప్పందం ఉండాలి.

అప్పటికీ ఊరు వద్దంటే? ఇదే కష్టమైన ప్రశ్న. వద్దంటే వద్దే అని నేననుకుంటున్నాను. ఆ ఒక్క చోట కరెంటు కొంచెం ఖరీదవుతుంది, పట్నం కొంచెం ఎక్కువ కడుతుంది. అది ఓర్చుకోగల నష్టం. మునిగిన ఊట మళ్లీ పుట్టదు. తిరిగి సరిచేసుకోగల నష్టాన్నీ, ఎప్పటికీ సరిచేయలేని నష్టాన్నీ ఒకే రాయితో తూచకూడదు.

మరి ఊరు సరే అంటే? అప్పుడు దూరాన జీతం తీసుకుంటున్న నాలాంటివాడు 'మీరు మోసపోయారు' అనకూడదు. కొండ మీద ఉండేవాళ్లు ఎప్పటికీ కొండలాగే ఉండాలని కోరుకోవడం కూడా ఒక రకం పెత్తనమే. ఉద్యోగం కావాలన్న కుర్రాడి మాటకూ, మాటాడని వాళ్లయ్య మౌనానికీ సమానంగా చోటుండాలి.

తమ్ముడికి చెప్పింది

వారం తర్వాత మా తమ్ముడికి ఫోన్ చేశాను. సంతకం పెట్టమనీ చెప్పలేదు, పెట్టవద్దనీ చెప్పలేదు. "ముందు వాళ్లను కాగితాలు అడుగు. మన మాటలో చదివి చెప్పమను. ఏ ఊట ఏ గీత లోపల ఉందో అయ్యను కొండెక్కించి చూపించమను, నువ్వు ఫోన్లో ఫొటో తియ్యి. ఆడవాళ్లు రాకుండా సభ జరగనివ్వకు, అటవీ హక్కుల చట్టం ప్రకారం కూర్చున్నవాళ్లలో మూడోవంతు వాళ్లుండాలి. ఇప్పుడు వద్దంటే ఏమవుతుందో నలుగురి ముందు చెప్పించు. దానికి వాళ్లు సూటిగా జవాబు చెప్పలేదంటే మీ జవాబు మీకు దొరికినట్టే" అన్నాను.

"అంతేనా?" అన్నాడు వాడు. నా నుంచి ఇంకా గట్టి మాట ఆశించాడు కాబోలు.

"ఇంకోటుంది. కోనసీమలో ఒక ఊరుంది, నగరం. అక్కడ ఎవరూ ఈ ప్రశ్నలు అడిగే వీలు లేకపోయింది. అది చెప్పు సభలో. మనం ఒక్కళ్లమే కాదని తెలియాలి" అన్నాను.

ఈ పుస్తకం చదివే మాస్టార్లకు ఒక మనవి. మీ బడికి ఎగువనో దిగువనో ఏదో ఒక ప్రాజెక్టు సర్వే జరుగుతూనే ఉంటుంది. ఎనిమిదో తరగతి పిల్లలు మెగావాట్ అంటే ఏమిటో, ఎకరం అంటే ఎంతో చదువుతారు. ఆ రెంటినీ కలిపి ఒక లెక్క చేయించండి. మన బల్బు వెలగడానికి ఎంత నేల కావాలి, ఆ నేల ఎవరిది, వాళ్లను అడిగారా అని చివర రాయించండి. యువతకు ఒక మనవి. గ్రామసభ నోటీసు వచ్చిన రోజు దాన్ని పెద్దవాళ్లకు మన భాషలో చదివి వినిపించండి. అర్థం కాని మాట దగ్గర ఆగి, వచ్చినవాళ్లనే అడగండి.

మా గూడెం సభ ఇంకా జరగలేదు. రెండుసార్లు వాయిదా పడింది. కాగితాలు తెలుగులో వచ్చాయట, మా మాటలో చెప్పే మనిషి కోసం చూస్తున్నారట. మా బాబాయి ఈమధ్య మాట్లాడుతున్నాడని తమ్ముడు చెప్పాడు. ఊట దగ్గరికి కుర్రాళ్లను తీసుకెళ్లి, ఏ చెట్టు ఎవరు నాటారో చెబుతున్నాడట.